నాన్న ఇచ్చిన ప్రకటన

"మీ ఇంట్లో పెద్దవాళ్లది ప్రేమ పెళ్లటగా, ఎలా కలిశారు?" అని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఒకటే. "నాన్న పేపర్లో ప్రకటన ఇచ్చాడు, ఆవిడ వచ్చింది." విన్నవాళ్లు పెళ్లి ప్రకటన అనుకుంటారు. నేనూ కాసేపు అలాగే అనుకోనిస్తాను. అసలు ప్రకటన ఇదీ: "ఇద్దరు పిల్లలను చూసుకొనుటకు, ఇంట్లోనే ఉండగల మహిళ కావలెను. ప్రత్యేక గది, వారానికి ఒక రోజు సెలవు."

ఆ "ప్రత్యేక గది" చూసే వచ్చానని ఆంటీ ఇప్పటికీ అంటుంది. అంతకుముందు పనిచేసిన ఇంట్లో ఆమెకు పిల్లల మంచం పక్కన నేల మీద పరుపు వేసేవారట. పని ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలిసేది కాదట. ఆంటీ అని రాస్తున్నాను, నాకు అలవాటైన పిలుపు అదే కాబట్టి. పెళ్లయ్యాక కూడా అది మారలేదు.

ముందు సంగతి క్లుప్తంగా చెప్తాను. అమ్మ జబ్బు చేసి పోయింది. నాకు ఏడేళ్లు, తమ్ముడికి ఐదు నెలలు. నానమ్మ వచ్చి కొన్నాళ్లు ఉంది. పాకే పిల్లాడి వెనక తిరగడం ఆమె మోకాళ్ల వల్ల కాలేదు. నాన్న సెలవులు అయిపోయాయి. ఒకరిద్దరు ఆయాలు వచ్చారు, వెళ్లారు. ఆ తర్వాత ఆంటీ ఒక పెట్టె, ఒక గొడుగుతో వచ్చింది. ముప్పై దాటి ఉంటాయేమో. నాకైతే చాలా పెద్దావిడలా కనిపించింది.

ఆమె వచ్చేసరికి తమ్ముడికి తొమ్మిదో నెల. కొత్త మొహాలంటే పిల్లలు జడుసుకునే వయసు సరిగ్గా అదే. అప్పటిదాకా ఎవరెత్తుకున్నా నవ్వే పిల్లాడు ఆరేడు నెలలు దాటాక కొత్తవాళ్లను చూసి గుక్కపట్టి ఏడవడం మొదలుపెడతాడు. పిల్లాడిలో లోపమేమీ కాదది, తనవాళ్లెవరో వాడికి తెలిసిందనడానికి గుర్తు. అంతకుముందు వచ్చిన ఆయాలు వాడు ఏడుస్తున్నా బలవంతంగా ఎత్తుకుని ఊపేవాళ్లు. వాడు ఇంకా బిగుసుకుపోయేవాడు. ఆంటీ వాణ్ణి ముట్టుకోలేదు. గదిలో ఓ మూల నేల మీద, వాడికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి కూర్చుంది. వాడి వైపు చూడలేదు కూడా. మూతలూ డబ్బాలూ ముందేసుకుని ఒకదాని మీద ఒకటి పేరుస్తూ నాతో మాట్లాడింది. "వీడు ఎలా పడుకుంటాడు? బోర్లానా, వెల్లకిలానా? ఏ పాట పాడితే నిద్రపోతాడు?" నన్ను అలా ఎవరూ ఏదీ అడగలేదు. నేను జవాబులు చెప్తూ ఉండగానే వాడు పాక్కుంటూ వెళ్లి ఆమె పేర్చిన డబ్బాలు తోసేశాడు. ఆమె మళ్లీ పేర్చింది. అలా రెండు మూడు రోజులు సాగాక ఒక మధ్యాహ్నం వాడే ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

ఇంట్లో నేనే ఆమెకు సీనియర్‌ని అని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె చెడగొట్టలేదు. నన్ను మంచి చేసుకోవడానికి బొమ్మలు కొనివ్వడం, ముద్దు చేయడం లాంటివేమీ చేయలేదు. నా దగ్గర పని నేర్చుకున్నట్టు ఉండేది. తెలివైన మనిషి.

ఆమె రాకముందే నాన్న ఆ గది తలుపుకి లోపలి వైపు గడియ బిగించాడు. చేతగాని పని, వంకరగా వచ్చింది. వేయాలంటే తలుపు కొంచెం ఎత్తి పట్టుకోవాలి. బయట నుంచి వేసుకోవడానికి తాళం, దాని తాళంచెవి ఆమెకే ఇచ్చాడు. రెండోది ఎక్కడుందని నానమ్మ అడిగితే లేదన్నాడు. ఇంట్లో పని మనిషి గదికి మన దగ్గర తాళంచెవి లేకపోవడమేమిటని నానమ్మ చాలా రోజులు సణిగింది.

ఇంకొకటి, నోట్‌బుక్. అది ఆంటీ పెట్టిన పద్ధతి. దానికి కారణం జ్వరం మందు. ఒకసారి తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు పారాసెటమాల్ సిరప్ ఆమె ఒకసారి పట్టింది. ఆ సంగతి తెలియక నాన్న ఆఫీసు నుంచి రాగానే మళ్లీ పట్టబోయాడు. ఆమె దాదాపు అరిచింది. మూత ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు పట్టే మందు కాదు అది. పిల్లాడి బరువును బట్టి మోతాదు ఉంటుంది, డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, ఎక్కువైతే లివర్ మీద పడుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు వంతులేసుకుని చూసే ఇంట్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎవరు ఎప్పుడు పట్టారో రెండోవాళ్లకు తెలియదు. ఆ రాత్రి నుంచి ఒక రూళ్ల నోట్‌బుక్ ఫ్రిజ్ మీద ఉండేది. ఆంటీ రాతలు ఇలా ఉండేవి: "సాయంత్రం 6కి 101. మందు 6.10. 8 గంటలకి 99.5. రెండు గంటలు పడుకున్నాడు. పాప లెక్కల పరీక్షలో తప్పులు దాచింది, అడగకండి, తనే చెప్తుంది." కింద నాన్న రాత. ఆయన ఆఫీసు ఫైళ్ల మనిషి. ఏది రాసినా ఒకటే మాట: "గమనించాను." కింద పొట్టి సంతకం, తేదీ.

ఇలాంటి నోట్‌బుక్కులో ఉత్తరాలూ కవితలూ పుట్టుకొస్తాయని అనుకునేవాళ్లుంటారు. మా ఇంట్లో అలాంటిదేమీ జరగలేదు. చివరి పేజీ దాకా జ్వరాలూ విరేచనాలూ టీకా తేదీలే. ఒకే ఒక్క పేజీ తప్ప. ఆ సంగతి తర్వాత.

నన్నడిగితే ప్రేమ మొదలైంది ఆదివారాల్లో. ఆదివారం ఆంటీకి సెలవు. కానీ సెలవు రోజున ఆమె వెళ్లడానికి చోటు లేదు. ఉంటున్న ఇల్లే పని చేసే ఇల్లు. తలుపు వేసుకుని పుస్తకం పట్టుకుంటే తమ్ముడు వచ్చి అరచేతులతో తలుపు బాదేవాడు. నేను కింద సందులోంచి కాగితాలు తోసేదాన్ని. ఆమె తలుపు తీసేది. తీస్తే ఇంకేముంది, సెలవు అయిపోయినట్టే. నాన్న ఇది కొన్ని వారాలు చూశాడు. ఆ తర్వాత ఆదివారం పొద్దున్నే మా ఇద్దరినీ తయారుచేసి బయటికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. పార్కుకి వెళ్లేవాళ్లం. పార్కులో విసుగొస్తే బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కి వచ్చేవాళ్లం. వాన పడితే ఏదో ఒక చూరు కింద నిలబడేవాళ్లం. నాన్నకు బయట తిరగడం అంటే అసలు ఇష్టం లేదు. ఆదివారం మధ్యాహ్నం పడుకోవడం ఆయన ప్రాణం. ఆ నిద్ర మానుకుని, పాల సీసా, మారు బట్టలు ఉన్న సంచీ భుజానికి తగిలించుకుని, చంకలో పిల్లాడితో, చెవిలో నా నసతో ఊరంతా తిరిగింది దేనికంటే, ఒక మనిషి తన గదిలో నిశ్శబ్దంగా చదువుకోవాలని. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. "పిల్లలకు గాలి మారుతుందని" అనేవాడు.

ఒక ఆదివారం మేం బయల్దేరుతుంటే ఆంటీ చెప్పులేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ మీకు సెలవండీ," అన్నాడు నాన్న.

"తెలుసు సార్. సెలవు కాబట్టే నా ఇష్టం వచ్చినచోటికి వెళ్తున్నా," అంది ఆంటీ.

ఆ రోజు ఆమె తమ్ముణ్ణి ఎత్తుకోలేదు. పట్టుబట్టి మరీ ఎత్తుకోలేదు. వాడు చేతులు చాస్తే, "నాన్న దగ్గరికి వెళ్లు, నేను డ్యూటీలో లేను," అంది. బస్సులో కిటికీ సీటు కోసం నాతో పోటీపడింది. చూపుడు వేలు ఊపుతూ నాన్నను ఏదో విషయంలో ఎగతాళి చేసింది, ఆయన నవ్వాడు. అమ్మ పోయాక నాన్న పళ్లు కనిపించేలా నవ్వడం నేను అప్పుడే చూశాను. సంతోషం వేసిందా అంటే లేదు. నాకేదో వింతగా, కొంచెం కోపంగా అనిపించింది. ఏడెనిమిదేళ్ల పిల్లకు తన తండ్రి నవ్వు మీద కూడా హక్కు ఉంటుంది.

తమ్ముడికి మాటలు వచ్చిన కొత్తలో ఆమెను "అమ్మ" అన్నాడు. ఆంటీ కంగారుపడి నాన్న వైపు చూసింది. "ఆంటీ అనాలి నాన్నా," అని సరిదిద్దింది. వాడు తల ఊపి మళ్లీ అమ్మ అన్నాడు. నాన్న లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరూ వాణ్ణి సరిదిద్దలేదు.

వాడికి మూడో ఏడు నడుస్తుండగా రాత్రుళ్లు ఉలికిపాట్లు మొదలయ్యాయి. పీడకలలు కావు, వేరే. పడుకున్న గంటకో రెండు గంటలకో లేచి కూర్చుని, కళ్లు తెరుచుకునే కేకలు పెట్టేవాడు. మమ్మల్ని చూస్తున్నట్టే ఉండేది గానీ ఎవరినీ గుర్తుపట్టేవాడు కాదు. పట్టుకుంటే తన్నేవాడు. కొన్ని నిమిషాలకు తనంతట తనే పడిపోయి నిద్రపోయేవాడు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండేది కాదు. డాక్టరు చెప్పింది ఇంతే: లేపొద్దు, దెబ్బ తగలకుండా చూస్తూ ఉండండి, వయసుతో పోతుంది. అలాగే పోయింది కూడా.

అయితే ఆ కొన్ని నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోవడం చాలా కష్టం. మంచానికి అటు ఒకరు, ఇటు ఒకరు. వాడు తిరిగి పడుకున్నాక కూడా మళ్లీ లేస్తాడేమోనని భయం. ఇద్దరూ వెళ్లి వరండాలో గోడకి ఆనుకుని నేల మీద కూర్చునేవారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి. నేను నిద్ర నటిస్తూ వినేదాన్ని. మొదట్లో మాటలన్నీ వాడి గురించే. తర్వాత అమ్మ గురించి. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పటి సంగతులు నాన్న నాతో గానీ నానమ్మతో గానీ ఎప్పుడూ మాట్లాడలేదు. అవన్నీ నేను విన్నది గోడ ఇవతల నుంచే. ఆంటీ ఓదార్చేది కాదు. "తర్వాత ఏమైంది?" అని మాత్రం అడిగేది. ఇంకో రాత్రి ఆమె మాట్లాడింది, నాన్న విన్నాడు. తెల్లవారి నోట్‌బుక్కులో: "11.20కి లేచాడు. ఆరు నిమిషాలు. తర్వాత బాగా పడుకున్నాడు." "గమనించాను."

ఇంటి యజమానీ ఆయా ప్రేమించుకునే కథలు బోలెడు. వాటిలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఆయన చిటపటలాడే మనిషి, ఆమె నవ్వుతో కరిగిపోతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు, అయిపోతుంది. నెలాఖరున జీతం ఇచ్చే సీను ఒక్కదాంట్లోనూ ఉండదు. ఆమె కాదంటే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. కాదన్న మర్నాడు పొద్దున్నే అదే మనిషి ముందు అదే వంటింట్లో నిలబడాలి. ఉద్యోగంతో పాటు పడుకునే చోటు కూడా పోతుంది. నాన్నకు ఇది తెలుసు. అందుకే నోరు మెదపలేదు. "సార్" అని పిలిచే మనిషి తనతో అవునంటే ఆ అవునుని ఎంతవరకు నమ్మాలో తెలియక సతమతమయ్యాడట. ఇది ఆయన నాకు చెప్పడానికి పాతికేళ్లు పట్టింది.

ఆంటీ అంత కాలం ఆగలేదు. ఒక రోజు నోట్‌బుక్కులో రాసింది, అదే ఆ ఒక్క పేజీ: "వచ్చే నెల నుంచి పని మానేస్తున్నాను. కారణం పని కాదు." దాని కింద నాన్న, అంత తెలివైన మనిషి, ఏం రాశాడో తెలుసా? "గమనించాను." సంతకం. తేదీ.

ఆ పేజీ చూపించి ఆంటీ ఇప్పటికీ ఆయన్ని చంపుతుంది.

మానేయడం అంటే ఒక్కసారిగా మాయమైపోవడం కాదు. ఆమె అసలు భయం ఊరేమంటుందోనని కాదు, తమ్ముడి గురించి. నా బిడ్డను మొదటిసారి వేరేవాళ్ల చేతిలో పెట్టి ఆఫీసుకి పోయే రోజుల్లో, టెన్షన్ పడుతూ, జాన్ బౌల్బీ గురించి చదివాను. పిల్లలకూ పెంచేవాళ్లకూ మధ్య పడే ముడి గురించి జీవితమంతా పనిచేసిన బ్రిటిష్ సైకియాట్రిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో ఆయన రాసిన నివేదికలో పసిబిడ్డకు కావలసింది వెచ్చని, విడవని అనుబంధం అన్నాడు. అది తల్లితో కావచ్చు, తల్లి స్థానంలో శాశ్వతంగా నిలిచే మరో మనిషితోనైనా కావచ్చు. ఆయన్ని చిన్నప్పుడు పెంచింది కూడా ఒక ఆయాయే. ఆయనకు నాలుగేళ్లు వస్తుండగా ఆమె పని మానేసి వెళ్లిపోయింది. తల్లిని పోగొట్టుకున్నంత దుఃఖం అని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. చదువుతూ ఆ చోట ఆగిపోయాను. ఆంటీ ఇవేవీ చదవలేదు. కానీ ఒక తల్లి పోయిన పిల్లాడి దగ్గర నుంచి రెండో మనిషి కూడా లేచిపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

అందుకే చేసిన ఏర్పాటు ఇదీ. నడిచివెళ్లేంత దూరంలో ఒక క్రెష్‌లో ఉద్యోగం చూసుకుంది. దాని దగ్గర్లోనే ఒక గది తీసుకుంది. తమ్ముణ్ణి అదే క్రెష్‌లో వేశారు. వాడికి రోజూ ఆమె కనిపిస్తూనే ఉంది, కాబట్టి వాడి లోకంలో పెద్దగా ఏమీ మారలేదు. మారింది నాకు. బడి నుంచి వచ్చేసరికి ఆ గది ఖాళీ. నేను ఆమెతో మాట్లాడడం మానేశాను. దారిలో ఎదురైతే తల తిప్పుకునేదాన్ని. ఆమె బతిమాలలేదు. "కోపం తగ్గాక రా, నా గదిలో కిటికీ సీటు ఉంది," అంది ఒకసారి. చాలాకాలం వెళ్లలేదు. తర్వాత వెళ్లాను. నిజంగానే కిటికీ దగ్గర ఒక బల్ల వేసి ఉంది.

ఇక నాన్న. ఇప్పుడు ఆమె ఆయన ఇంట్లో లేదు, ఆయన జీతం తీసుకోవడం లేదు, తలుపు తన చేతిలో ఉంది. తెరిస్తే తెరుస్తుంది, లేకపోతే లేదు. ఆయన వెళ్లి ఆ తలుపు కొట్టాడు. తర్వాత కొంతకాలం వాళ్లిద్దరూ ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో తెలియక ఏ పిలుపూ లేకుండానే మాట్లాడుకున్నారు. చూడడానికి భలే నవ్వొచ్చేది. ఇదిగో, అదిగో, వింటున్నారా.

బంధువుల్లో మాటలు రెండు రకాలు. "ఆయాని పెళ్లి చేసుకుంటావా?" అని మా మేనత్త మొహం మీదే అడిగింది. అది పర్వాలేదు, అడిగి ఊరుకుంది. రెండో రకం వాళ్లు మంచిగా మాట్లాడేవాళ్లు. "మంచి పని చేస్తున్నావు, పిల్లలకు అలవాటైన మనిషి, పైగా జీతం మిగులుతుంది," అన్నారు. నాన్న ఇంట్లో గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

నన్ను అడిగింది మాత్రం ఆంటీయే. అమ్మ లాగా చూసుకుంటానని గానీ, నీకు ఇష్టమేనా అని గానీ అనలేదు. "నేను మీ ఇంటికి మళ్లీ వస్తే నా గది నాకుంటుందా?" అంది. అందులో మా పాత పుస్తకాలు పెట్టామని చెప్పాను. "తీసేయాలి మరి," అంది. మర్నాడు నేనే తీసేశాను. సంతకాల పెళ్లి చేసుకున్నారు. అమ్మ ఫోటో ఎక్కడుందో అక్కడే ఉంది. ఆంటీ గది కూడా అలాగే ఉండిపోయింది, చదువుకోవడానికి, అలిగినప్పుడు వెళ్లడానికి. వంకర గడియ మార్చనివ్వలేదు.

జీతం మిగులుతుందన్న మాటను ఆమె మరిచిపోలేదు. పెళ్లికి ముందే నాన్నతో తేల్చుకుంది. నిన్నటిదాకా జీతం తీసుకుని చేసిన పనే రేపటి నుంచి ఊరికే చేయాలంటే ఆ లెక్క తనకు కుదరదంది. క్రెష్ ఉద్యోగం మానలేదు. బ్యాంకు ఖాతా ఇద్దరి పేర్ల మీదికి మారింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంకో మనిషిని పెట్టారు. కొంచెం పెద్దావిడ. ఆమెకు పనివేళలు, చేయాల్సిన పని, సెలవులు అన్నీ ఆంటీయే కాగితం మీద రాసిచ్చింది. సెలవు రోజున ఎక్కడుండాలో అది ఆమె ఇష్టమని కూడా రాసింది. ఇంటి పనివాళ్ల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందాన్ని ఆమోదించింది 2011 జూన్ 16న. వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలని, ఇంట్లోనే ఉండే పనివాళ్లు సెలవు వేళల్లో ఆ ఇంట్లోనే ఉండాలని బలవంతం చేయకూడదని దాంట్లో ఉంది. దానితో పాటు ఇచ్చిన సిఫార్సుల్లోనైతే పనివాళ్ల గదికి తాళం ఉండాలి, తాళంచెవి వాళ్లకే ఇవ్వాలి అని కూడా ఉంది. అది చదివి వినిపిస్తే నాన్న చాలా గర్వంగా మొహం పెట్టాడు. "గడియ సరిగ్గా బిగించాలని కూడా రాశారేమో చూడవే," అంది ఆంటీ.

తమ్ముడికి కన్నతల్లి సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. జీతం సంగతే తెలియదు. వాడికి పన్నెండో పదమూడో ఉన్నప్పుడు అటక మీద ఆ పాత నోట్‌బుక్ దొరికింది. కూర్చుని మొత్తం చదివాడు, తన విరేచనాల చరిత్రతో సహా. కిందికి దిగి వచ్చి అడిగాడు.

"అమ్మా, నన్ను పెంచినందుకు నాన్న నీకు డబ్బులిచ్చేవాడా?"

"మొదటి మూడేళ్లూ ఇచ్చారు."

"ఎంత?"

ఆంటీ చెప్పింది. వాడు కాసేపు ఆలోచించాడు.

"తక్కువే," అన్నాడు.

"ఆ రోజుల్లో అది ఎక్కువే," అన్నాడు నాన్న పేపరు దించి.

"ఏ లెక్కన ఎక్కువ?" అంది ఆంటీ. ఇక సాయంత్రం దాకా తెగలేదు.